ఉపగ్రహ చిత్రాలు ఉండగా క్షేత్ర పర్యటనలు దేనికి?

ఉపగ్రహ చిత్రాలు తరగతి గదిలోకే వచ్చేసిన తరువాత కూడా భూగోళ శాస్త్రం కోసం పిల్లలను బయటికి తీసుకువెళ్లడం అవసరమా అని అడిగారు. ఆ పాఠమే చెప్పి బతికినవాడిగా అవసరమనే అంటాను. కాకపోతే ఇప్పుడు జరుగుతున్న పర్యటనల్లో చాలావాటికి ఆ పేరు తగదు.

నది వంపులో వెలుపలి ఒడ్డు కోతకు గురవుతుందని, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుందని పిల్లలు గడగడా అప్పజెబుతారు. అలా అప్పజెప్పిన పిల్లలనే ఒకసారి మోకాలి లోతైనా లేని వాగు దగ్గరికి తీసుకువెళ్లి, వంపు వెంబడి టేపుతో 10 మీటర్లు కొలిపించి, నీటిలో నారింజపండు వదలమన్నాను. నారింజ చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. ఈ పనికి అంతకన్నా మంచి సాధనం లేదని నా నమ్మకం. వెలుపలి ఒడ్డు పక్కన అది 20 సెకన్లలో గీత దాటింది. లోపలి ఒడ్డు పక్కన వదిలినది 40 సెకన్లయినా చేరలేదు సరికదా, చివరికి మేట అంచున ఆగిపోయింది. "ఇక్కడ నీటికి సత్తువ లేదు సార్, అందుకే ఇసుకను దించేస్తోంది" అంది ఒక అమ్మాయి. ఉపరితల వేగాన్ని సుమారు 0.85తో గుణిస్తే సగటు వేగం వస్తుందని నేను చెప్పగానే, అడుగున రాళ్ల రాపిడికి నీరు నెమ్మదిస్తుందేమోనని ఒక కుర్రాడు చేయి ముంచి చూశాడు.

దీనికి బదులు సాధారణంగా జరిగేది ఏమిటంటే, బస్సు దిగడం, ఉపాధ్యాయుడు చెప్పిన జవాబులతో కాగితంలోని ఖాళీలు నింపడం, వరుసగా నిలబడి ఫొటో దిగడం. తల్లిదండ్రులకు పంపే అనుమతి పత్రంలో బస్సు ఎన్నింటికి తిరిగివస్తుందో ఉంటుంది గాని, పిల్లలు అక్కడ ఏమి కొలుస్తారో ఉండదు. పరీక్షలోనూ పటంలో నదిని గుర్తించమనే అడుగుతారు.

ఉపగ్రహ చిత్రాలను నేను కాదనను. వంపు ఏళ్ల తరబడి ఎటు జరిగిందో అవి చూపినంత స్పష్టంగా వాగు గట్టు చూపలేదు. వాటిని బయలుదేరే ముందే చూపించి, వేగం ఎక్కడ ఎక్కువ ఉంటుందో ప్రతి ఒక్కరిచేతా రాయించాలి. ముందుగా అంచనా కట్టనివాడికి ఏ కొలతా వింతగా తోచదు. దగ్గరలో వాగు లేకపోయినా, ఎగువన వాన పడి అక్కడికి వెళ్లడం ప్రమాదమనిపించినా, వాన వెలిసిన మర్నాడు బడి ఆవరణలో నీరు ఏ వాలున పారిందో, ముతక ఇసుకను ఎక్కడ, సన్నని ఒండ్రును ఎక్కడ వదిలిందో గీయిస్తే చాలు.