ఈఆర్పీ వచ్చిందని నాన్న ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: నాన్నకు 53 ఏళ్లు. గుంటూరులో మిర్చి ఎగుమతి కంపెనీలో అకౌంటెంట్. పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తీసేసి, కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ పెట్టాక తడబడుతున్నారు. ఎన్నిసార్లు చూపించినా మర్చిపోతుంటే మౌస్ లాక్కుని నేనే చేసేస్తున్నాను. రెండు లక్షలు కట్టి డేటా సైన్స్ కోర్సులో చేర్పించనా? రాజీనామా చేసి ముందే పెన్షన్ తీసుకోమననా?

జవాబు: నాన్నను పంపించేస్తారేమోనన్న భయంతో అడుగుతున్నారని అర్థమైంది. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య పిల్లల నుంచే ఎక్కువగా వస్తున్నాయి.

కోర్సు వద్దు. ఆ కోర్సుల్లో నేర్పే పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చిన కుర్రాళ్లే ఫ్రెషర్ ఉద్యోగం కోసం తిరుగుతున్నారు. ఎన్నో ఏళ్ల అనుభవాన్ని పక్కనపెట్టి ఆయన ఆ వరుసలో చివర నిలబడటం ఎందుకు? ఆ కోర్సు వాళ్లు ఏ వయసులోనైనా కెరీర్ మార్చేస్తామంటారు కదా, యాభై దాటినవాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో రాసిమ్మనండి. పైగా ఆ కోర్సులో మీ నాన్న కంపెనీ ఈఆర్పీ నేర్పరు.

ఇక ముందే పెన్షన్ సంగతి. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం ఈపీఎస్‌లో పెన్షన్ పూర్తిగా వచ్చేది 58 ఏళ్లకు. పదేళ్ల సర్వీసు ఉంటే 50 దాటాక తీసుకోవచ్చు గానీ, 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత పడుతుంది. 58 నిండినా ఆ కోత పోదు.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు వ్యాట్ అలవాటైన ఈ తరం అకౌంటెంట్లే కొత్త రిటర్నులు నేర్చుకున్నారు. గోనెసంచుల సప్లయరు ఇన్‌వాయిస్ ఎక్కించకపోతే కంపెనీ కొనుగోళ్ల పన్ను చూపించే జీఎస్టీ పట్టిక జీఎస్టీఆర్-2బీలో అది కనిపించదు, ఆ పన్ను మినహాయించుకునే క్రెడిట్ ఆగిపోతుంది. ఎవరికి ఫోన్ చేస్తే అది కదులుతుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, మీ నాన్నకు తెలుసు.

బాబూ, ఆ మౌస్ లాక్కోవడం మానేయండి. మీరు చేసేస్తే ఆయన చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది? ఎదిగిన కొడుకు రోజూ అలా మౌస్ లాక్కుంటుంటే వచ్చింది కూడా మర్చిపోతారు. ముందు కళ్లు చూపించండి. బైఫోకల్ అద్దాలతో స్క్రీన్ చూడాలంటే గడ్డం పైకెత్తాలి, మెడ పీకుతుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. మనం దాన్ని మతిమరుపు అనేస్తాం. కంప్యూటర్ దూరానికి అద్దాలు వేరుగా రాయించుకోవచ్చు. స్క్రీన్ మీద అక్షరాలూ పెద్దవి చేసివ్వండి.

కంపెనీ బాధ్యతా ఉంది. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి గబగబా స్లైడ్లు తిప్పేస్తే శిక్షణ అయిపోదు. రోజూ అరగంట ఒక జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టి, తన సొంత బిల్లులతోనే సాధన చేయనివ్వమని మేనేజర్‌ను అడగమని నాన్నకు చెప్పండి. ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో ఆయన చేత్తోనే తెలుగులో రాసుకోవాలి. ఆ జూనియర్‌కు 2బీ సరిచూడటం ఈయన నేర్పుతారు, కాబట్టి మేనేజర్ కాదనడానికి పెద్దగా కారణం ఉండదు. మార్చి లెక్కల హడావిడి మొదలవకముందే అడిగించండి, తర్వాత ఎవరికీ తీరిక దొరకదు.