మీరడిగారు: నొక్కని బటన్, దొరకని ఈములు, అడవి దిగని సైనికుడు

ప్రశ్న: 1983లో ఒక రష్యన్ ఆఫీసర్ ఒక్కడే అణుయుద్ధం ఆపేశాడని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. ఎర్ర బటన్ మీద వేలు పెట్టి, చివరి సెకన్లో తీసేశాడట. నిజమా, కట్టుకథా?
(డిగ్రీ విద్యార్థి, కాకినాడ)

మనిషి నిజం, ఆ రాత్రి నిజం, బటనే అబద్ధం. ఆయన పేరు స్టానిస్లావ్ పెట్రోవ్, సోవియట్ వైమానిక రక్షణ దళంలో లెఫ్టినెంట్ కల్నల్, అప్పటికి 44 ఏళ్లు. మాస్కోకి దక్షిణంగా సెర్పుఖోవ్-15 అని ఒక రహస్య బంకర్ ఉండేది, 1983 సెప్టెంబర్ 26న అర్ధరాత్రి దాటాక ఆయన అక్కడ డ్యూటీలో ఉన్నాడు. మిసైళ్లు వదలడం ఆయన పని కానే కాదు. 'ఓకో' అనే ఉపగ్రహాల సిస్టమ్ అమెరికా మిసైల్ స్థావరాల మీద కన్నేసి ఉంచుతుంది, అందులో ఏం కనపడితే అది పైవాళ్లకి చెప్పాలి, అంతే.

ఆ రాత్రి ఉన్నట్టుండి సైరన్ మోగింది. అమెరికా నుంచి ఒక మిసైల్ బయల్దేరిందని స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. అది చూసి తేరుకునేలోపే ఇంకోటి, దాని వెనకే ఇంకోటి, అలా మొత్తం ఐదు. అసలు ఆ నెల ఎలాంటి నెలో కూడా చూడాలండీ. సెప్టెంబర్ 1నే సోవియట్ ఫైటర్ విమానం దారి తప్పొచ్చిన కొరియన్ ప్యాసింజర్ విమానాన్ని కూల్చేసింది, 269 మంది పోయారు, అమెరికా అధ్యక్షుడు రీగన్ ఏమో అంతకుముందే సోవియట్‌ని 'దుష్ట సామ్రాజ్యం' అని తిట్టి ఉన్నాడు, మాస్కోలో సోవియట్ అధినేత ఆండ్రోపోవ్ జబ్బుతో మంచం పట్టి, అమెరికా ఏ క్షణాన్నయినా ముందు కొట్టేస్తుందని గట్టిగా అనుమానిస్తున్నాడు. అలాంటప్పుడు కింది నుంచి "దాడి మొదలైంది" అని ఫోనొస్తే పైనున్నవాళ్లు తాపీగా కూర్చుని ఆలోచిస్తారని నేనైతే అనుకోను. అవతల మిసైల్ వచ్చి పడటానికి అరగంట కూడా పట్టదు మరి.

పెట్రోవ్ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఇంటర్‌కామ్ పట్టుకుని లెక్కలేసుకున్నాడు. అమెరికా నిజంగా మొదలుపెడితే వందల్లో వదులుతుంది గానీ ఐదంటే ఐదు వదిలి ఎందుకు ఊరుకుంటుంది? సిస్టమ్ కొత్తది, ఆయన స్వతహాగా ఇంజనీర్ కాబట్టి దాని లోపాలు బాగా తెలుసు. నేల మీది రాడార్లలో చూస్తే ఏమీ లేదు. ఫాల్స్ అలారం అని రిపోర్ట్ చేసేశాడు. పూర్తి నమ్మకంతో కాదు, ఫిఫ్టీ-ఫిఫ్టీ అనుకునే చెప్పానని తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయనే అన్నాడు. చివరికి తేలిందేంటంటే, అమెరికా వైపు ఎత్తులో ఉన్న మేఘాల మీద పడి తిరిగొచ్చిన ఎండని ఉపగ్రహం రాకెట్ మంట అనుకుంది.

ఆ తర్వాత జరిగింది మాత్రం అచ్చం గవర్నమెంట్ ఆఫీసు యవ్వారమే. లాగ్‌బుక్ ఎందుకు రాయలేదు అని అక్షింతలు వేశారు. మెడల్ ఇవ్వలేదు, ఇస్తే ఆ సిస్టమ్ తయారుచేసిన పెద్దవాళ్లని నిలదీయాల్సొస్తుంది కదా. ఈ సంగతి 90ల్లో గానీ బయటికి రాలేదు. ఆయన 2017 మేలో పోతే ప్రపంచానికి సెప్టెంబర్ దాకా తెలీలేదు, అదీ ఎవరో జర్మనీ మిత్రుడు పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుదామని ఫోన్ చేస్తే కొడుకు తీసి, నాన్న మేలోనే పోయారని చెప్పాడు, అలా.

ఇక "ఒక్కడే ఆపేశాడు" అనేది కొంచెం ఎక్కువే, ఆయన పైన ఇంకా మెట్లున్నాయి. కానీ కింది మెట్టు మీదే ఆగిపోయింది కాబట్టి పై మెట్ల తెలివి ఎంతో తేల్చుకునే అవసరం మనకి రాలేదు.

ప్రశ్న: ఆస్ట్రేలియా మిలిటరీ ఈము పక్షులతో యుద్ధం చేసి ఓడిపోయిందని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడా?
(గృహిణి, కరీంనగర్)

లేదమ్మా, ఈసారికి అబ్బాయిదే రైటు. 1932 నవంబర్, పశ్చిమ ఆస్ట్రేలియాలో కాంపియన్ ప్రాంతం. మొదటి ప్రపంచ యుద్ధం చేసొచ్చిన సైనికులకి అక్కడ గోధుమ సాగుకి భూములిచ్చారు, ధరలు పడిపోయి వాళ్లు ఏడుస్తుంటే ఇరవై వేల దాకా ఈములు పొలాల మీద పడ్డాయి. మాజీ సైనికులు కదా, మెషిన్‌గన్లు పంపమని అడిగారు, పంపారు కూడా! మేజర్ మెరెడిత్ అనే ఆయన రెండు లూయిస్ గన్లు, పది వేల తూటాలతో దిగాడు. కాల్పులు మొదలవగానే ఈములు చిన్న చిన్న గుంపులుగా చెదిరిపోయేవి. లారీ మీద గన్ను బిగించి వెంటపడ్డారు గానీ ఆ కుదుపుల్లో గురే కుదర్లేదు. వారం తిరక్కుండానే వెనక్కి పిలిచి, మళ్లీ పంపి, డిసెంబర్లో మొత్తానికే మానేశారు. 986 పక్షుల్ని చంపామని చెప్పుకున్నారు, అది పెట్టిన ఖర్చుకీ ఆ గుంపులకీ ఏ మూలకీ రాలేదు. తర్వాత రైతులకే తూటాలిచ్చి, కొట్టిన పక్షికింత అని బహుమానం పెడితే పని జరిగింది. మన దగ్గర కూడా ఈము ఫారాలు పెట్టి చేతులు కాల్చుకున్నవాళ్లున్నారు కదా, వాళ్లకిది చదివితే కాస్త ఊరటగా ఉంటుందేమో.

ప్రశ్న: 1962 క్యూబా సంక్షోభంలో కెన్నెడీ, కృశ్చేవ్ పట్టువిడుపుల వల్లే ప్రపంచం బతికిందని పిల్లలకి చెప్తుంటాను. ఇంకేమైనా కలపాలా?
(టీచర్, నంద్యాల)

ఒక సబ్‌మెరైన్‌ని కలపండి మేడమ్. క్యూబాలో సోవియట్ అణు మిసైళ్లు పెట్టినందుకు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, సోవియట్ అధినేత కృశ్చేవ్ ఢీ అంటే ఢీ అన్న రోజులవి. అక్టోబర్ 27న ఆ ఇద్దరూ లేఖలు రాసుకుంటుంటే క్యూబా దగ్గర సముద్రంలో బీ-59 అనే సోవియట్ సబ్‌మెరైన్‌ని అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టాయి. పైకి రమ్మని సిగ్నల్‌గా చిన్న చిన్న పేలుడు గుళ్లు వదుల్తున్నాయి. లోపల బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, వేడి 45 డిగ్రీలు దాటింది, మాస్కోతో మాట్లాడే దారి లేదు, పైన యుద్ధం మొదలైందో లేదో తెలీదు. అందులో అణు టార్పెడో ఒకటి ఉందన్న సంగతి పైనున్న అమెరికన్లకి తెలీదు. కెప్టెన్ సవిట్‌స్కీ సహనం పోయి దాన్ని సిద్ధం చెయ్యమన్నాడు. అదే సబ్‌మెరైన్‌లో ఉన్న వసీలీ అర్హిపోవ్ అనే సీనియర్ ఆఫీసర్ ఆయన్ని చల్లబరిచి, సబ్‌మెరైన్‌ని పైకి తేలేలా చేశాడు. లోపల ఎవరు ఎవరితో ఏమన్నారు అన్న దాంట్లో ఉన్నవాళ్లు చెప్పినవి తేడాలున్నాయి కాబట్టి సినిమా డైలాగుల్లా మాత్రం చెప్పకండి. ముందు ఏడాదే అర్హిపోవ్ కే-19 అనే సబ్‌మెరైన్‌లో రియాక్టర్ పాడైతే, దాన్ని సరిచేయడానికి దిగినవాళ్లు రేడియేషన్‌తో రోజుల్లోనే చచ్చిపోవడం దగ్గరుండి చూసినవాడు. ఆయన 1998లో పోయాడు, టార్పెడో సంగతి ప్రపంచానికి తెలిసింది 2002లో, క్యూబా రాజధాని హవానాలో జరిగిన సదస్సులో.

ప్రశ్న: యుద్ధం అయిపోయినా 29 ఏళ్లు అడవిలో డ్యూటీ చేసిన జపాన్ సైనికుడు ఒనోడా గురించి రాయండి. ఇప్పటి కుర్రాళ్లకి అలాంటి క్రమశిక్షణ నేర్పాలి.
(రిటైర్డ్ ఉద్యోగి, సికింద్రాబాద్)

రాస్తాను సార్, కానీ నేర్పమని మాత్రం చెప్పను. హిరూ ఒనోడా రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1944 డిసెంబర్లో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవికి వెళ్లాడు, లొంగిపోవద్దని పైనుంచి ఆర్డర్. 1945లో జపాన్ లొంగిపోయింది. విమానాల్లోంచి కరపత్రాలు వేశారు, ఇంటివాళ్ల ఉత్తరాలు, ఫొటోలు కూడా వేశారు, అన్నీ శత్రువు నాటకమే అనుకున్నాడు. వెంట ఉన్న ముగ్గురిలో ఒకడు వెళ్లి లొంగిపోయాడు, ఇద్దరు కాల్పుల్లో పోయారు. చివరికి 1974లో సుజుకి అనే కుర్రాడు బ్యాగు తగిలించుకుని వెళ్లి కనిపెడితే, మా ఆఫీసర్ చెప్తేనే వస్తానన్నాడు. ఆ ఆఫీసర్, మేజర్ తానిగుచి, అప్పటికి పుస్తకాలు అమ్ముకుంటున్నాడు, పాపం ఆయన్ని దీవిదాకా తీసుకెళ్లి ఆర్డర్ చదివిస్తే అప్పుడు తుపాకి దించాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది, అందరూ ఇక్కడే ఆపుతారు. ఆ ఏళ్లన్నిటిలో ఒనోడా బృందం చేతిలో 30 మంది దాకా దీవివాళ్లు చచ్చిపోయారు, వాళ్లు శత్రువులు కాదు, పొలాలకి వెళ్లే మామూలు జనం. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ఒనోడాకి క్షమాభిక్ష పెట్టాడు, ఆయన జపాన్‌లో హీరో అయ్యాడు, తర్వాత బ్రెజిల్ వెళ్లి పశువుల్ని పెంచుకుని 2014లో 91 ఏళ్ల వయసులో పోయాడు. పెట్రోవ్‌కి కూడా ఆర్డర్లే ఉన్నాయి, అలారం మోగితే ఏం చెయ్యాలో రాసిచ్చారు. ఈ ఇద్దరిలో కుర్రాళ్లకి ఎవర్ని చూపిస్తానంటే నేను పెట్రోవ్‌నే చూపిస్తాను, మీకు కోపం వచ్చినా సరే.

ఒనోడా కంటే వెనక దొరికినవాడు ఇంకొకడున్నాడు, ఆయన్ని ఎవరూ తలుచుకోరు. తెరువో నకమురా, తైవాన్‌లో అమిస్ అనే ఆదివాసీ తెగవాడు, తైవాన్ జపాన్ చేతిలో ఉన్నప్పుడు ఆర్మీలో చేరాడు. ఇండోనేషియాలోని మొరొతాయ్ దీవిలో 1974 డిసెంబర్లో దొరికాడు. ఆయన జపాన్ పౌరుడు కాదు, కాలనీ సిపాయి, కాబట్టి రూల్ ప్రకారం పెన్షన్ లేదని చెప్పి మొదట 68,000 యెన్లు చేతిలో పెట్టారు, అన్నేళ్ల సర్వీసుకి. జనం గోల చేశాక గానీ ఇంకొంత ఇవ్వలేదు. తైవాన్‌కి తిరిగెళ్లి 1979లో చనిపోయాడు.