డిగ్రీ, అనుభవం లేకుండా విదేశాల్లో ఇంగ్లీషు టీచరుగా చేరవచ్చా?

చేరవచ్చు, కానీ దేశాలు తక్కువ. వియత్నాంలో వర్క్ పర్మిట్‌కి డిగ్రీ కావాలి. దక్షిణ కొరియాలో భాషా టీచర్లకిచ్చే ఈ-2 వీసాకీ అంతే. చైనా డిగ్రీతో పాటు మామూలుగా రెండేళ్ల అనుభవం కూడా అడుగుతుంది. డిగ్రీ లేనివాళ్లను ప్రైవేటు స్కూళ్లు ఎక్కువగా తీసుకునేది కంబోడియాలో. అక్కడ ఈ-క్లాస్ (సాధారణ) వీసాతో దిగి, తర్వాత దాన్ని ఉద్యోగ వీసాగా పొడిగించుకోవాలి. వర్క్ పర్మిట్ వేరే. అది ఎవరు తీయిస్తారో, ఖర్చు ఎవరిదో చేరకముందే రాయించుకోండి.

అనుభవం లేని లోటు కోర్సుతో కొంత తీరుతుంది. 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ (ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ చవక, కానీ చాలావాటిలో క్లాసు చెప్పించరు. కేంబ్రిడ్జ్ వారి టీచర్ శిక్షణ కోర్సు సెల్టాకి డిగ్రీ తప్పనిసరి కాదు. అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి, ట్రైనర్ చూసి తప్పులు దిద్దుతారు. ఖర్చెక్కువైనా నా ఓటు దీనికే. పిల్లల మధ్య మొదటిసారి నిలబడ్డప్పుడు పనికొచ్చేది ఆ సాధనే.

మన పాస్‌పోర్టుతో ఇంకో చిక్కుంది: చాలా ప్రకటనలు ‘నేటివ్ స్పీకర్’ (ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు) కావాలంటాయి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు, ఐదు నిమిషాల డెమో వీడియో జతచేస్తే కొందరైనా పిలుస్తారు.

ఏజెంట్లతో మాత్రం చాలా జాగ్రత్త. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాల్లో దింపిన ముఠా గుట్టును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు రిజిస్ట్రేషన్ చూడండి. చట్టప్రకారం వాళ్లు తీసుకోగల రుసుము రూ.30,000, పైన జీఎస్టీ. స్కూలు పేరు చెప్పకుండా ముందే టికెట్ పంపుతామంటే వెళ్లకండి.