కార్డు చేతికొచ్చినా ఖర్చు తప్పలేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. రాష్ట్ర ఆరోగ్య పథకం బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన పోయి ఆయుష్మాన్ కార్డు వచ్చింది. అమ్మను గుండె చికిత్సకు విశాఖపట్నంలో చేర్చితే, ఆ కార్డు మీదే చేర్చుకుని కూడా పరీక్షలకు, మందులకు మా చేత డబ్బు కట్టించుకున్నారు. ఈ మార్పు వల్ల మాకు ఒరిగిందేమిటండీ?

జవాబు: కొంత ఒరిగిందమ్మా. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో కేంద్ర ఆయుష్మాన్ పథకమూ, రాష్ట్ర గోపబంధు జన ఆరోగ్య యోజనా కలిసి అమలవుతున్నాయి. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు ఇతర రాష్ట్రాలలో ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రులలోనూ చెల్లుతుంది కనుక, పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళం, విశాఖల దారి పట్టే సరిహద్దువారికి అది చిన్న విషయం కాదు. అయితే ఇది ఆసుపత్రిలో చేరినవారికే వర్తించే బీమా. ఓపీలో చూపించుకుంటే ఖర్చు మనదే. నెలనెలా బీపీ, షుగరు మాత్రలు కొనే ఇంటికి తృప్తి ఎక్కడి నుంచి వస్తుంది? బీమా మొత్తం పెంచడం కన్నా ఓపీని చేర్చడమే ముందు జరగాలని నా అభిప్రాయం.

మీ విషయంలో మాత్రం, చేరికకు ముందు 3 రోజుల, డిశ్చార్జి తర్వాత 15 రోజుల పరీక్షలు, మందులు కూడా ప్యాకేజీలో భాగమే. బిల్లుల మీద తేదీలు సరిచూసుకుని ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫిర్యాదు చేయండి.