ఒంటిపూట బడిలో పాపకు కళ్లు తిరుగుతుంటే

అక్కా, తొమ్మిదో తరగతి పాప ఏమీ తినకుండా ఒంటిపూట బడికి వెళ్తోందని, ప్రార్థనలో కళ్లు తిరుగుతున్నాయని రాశారు కదా. మన తెలంగాణలో మార్చి మధ్య నుంచి 8కే బడి, 12:30 దాకా. అంతసేపు ఖాళీ కడుపుతో ఉండటం కష్టం. మా అబ్బాయికీ పొద్దున్నే ఇడ్లీ దిగేది కాదు. రాత్రే రాగి జావ కాచి, పొద్దున మజ్జిగ, ఉప్పు కలిపి గ్లాసుడు ఇచ్చేదాన్ని. నిలబడే తాగేసి పోయేవాడు. బ్యాగులో అరటిపండు, రెండు పల్లీపట్టీలు పెట్టండి, ఇంటర్వెల్‌లో తింటుంది. నీళ్ల సీసా మరవొద్దు. క్లాస్ టీచర్‌కి కూడా ఒక మాట చెప్పి ఉంచండి, నీడన నిలబెడతారు. ఇవన్నీ చేసినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువగా ఉంటుంది, నాకు అదే టెన్షన్.