బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమం జార్జ్ ఫ్లాయిడ్ మరణంతోనే మొదలైందా?

కాదు, 2020లో ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు అమెరికాలో పోలీసు చేతిలో చనిపోవడానికి ఏడేళ్ల ముందే, 2013లోనే, నల్లజాతివాళ్ల ప్రాణాలకూ విలువుందని చాటే ఈ ఉద్యమం మొదలైంది. అంతకు ముందు ఏడాది ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు షాపులో చాక్లెట్లు, కూల్‌డ్రింకు కొనుక్కుని వస్తుంటే, కాలనీలో గస్తీ తిరిగే ఒకతను కాల్చి చంపాడు. పిల్లాడి దగ్గర ఏ ఆయుధమూ లేదు. అయినా జ్యూరీ ఆ కాల్చినతన్ని నిర్దోషి అంది. ఎంత అన్యాయం! ఆ తీర్పుకి తట్టుకోలేక అలీసియా గార్జా అనే ఉద్యమకారిణి ఫేస్‌బుక్‌లో రాసిన మాటల్ని ప్యాట్రీస్ కల్లర్స్ హ్యాష్‌ట్యాగ్‌గా మార్చారు, ఓపల్ టొమెటీ వాళ్లతో చేయి కలిపారు. 2014లో ఫెర్గూసన్ అనే ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ని పోలీసు కాల్చి చంపాక ఆ నినాదం రోడ్ల మీద మార్మోగింది.

దీన్నంతా ఒకే నాయకుడు నడిపిస్తున్నాడనుకోవడం పొరపాటు. ఆ పేరుతో ఒక సంస్థ ఉన్నమాట నిజమే కానీ, చాలా ఊళ్లలో జనాన్ని కూడగట్టేది అక్కడి స్థానిక బృందాలే.