ఖాళీ కడుపుతో పరిగెడితే ఎత్తు పెరుగుతారా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. కానిస్టేబుల్ సెలెక్షన్స్ కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. 167.6 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నేను 167 దగ్గరే ఆగిపోయాను. ఆకలిగా ఉన్నప్పుడు కడుపులో తయారయ్యే హార్మోన్ వల్ల గ్రోత్ హార్మోన్ విడుదలవుతుందని వీడియోల్లో చూసి, రాత్రి తిండి మానేసి పొద్దున్నే ఖాళీ కడుపుతో పరిగెడుతున్నాను. జిమ్‌లో ఒకన్న అదే హార్మోన్‌లా పనిచేసే క్యాప్సూల్స్ తెప్పిస్తానంటున్నాడు. వాడొచ్చా?
– ఓ పాఠకుడు, రాజాం

జవాబు: క్యాప్సూల్స్ వద్దు. రాత్రి భోజనం ఈ రోజే మొదలుపెట్టండి.

మీరు చూసిన వీడియోలో సగం నిజమే ఉంది. ఆ హార్మోన్ పేరు గ్రెలిన్. జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా 1999లో దీన్ని కనుక్కున్నారు. ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. భోజనానికి ముందు పెరిగి, తిన్నాక తగ్గుతుంది. రక్తంలో కలిసి మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి మీద, దాని పైనున్న హైపోథాలమస్ మీద పనిచేసి గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. మనుషులకు నరం ద్వారా ఎక్కించి చూస్తే గ్రోత్ హార్మోన్ బాగా పెరిగింది. దాంతోపాటు తల్లుల్లో పాలు తయారు చేయించే హార్మోన్ ప్రొలాక్టిన్, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా కొంత పెరిగాయి. వీడియోల వాళ్లు ఈ చివరి మాట చెప్పరు.

పిట్యుటరీ గ్రోత్ హార్మోన్ వదిలినంత మాత్రాన ఎముక పెరగదు. ఆ హార్మోన్ కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయించాలి. ఎదుగుదలకు అదే ముఖ్యం. తిండి, ముఖ్యంగా మాంసకృత్తులు అందకపోతే కాలేయం గ్రోత్ హార్మోన్ మాట వినడం మానేస్తుంది. పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లలను పరీక్షిస్తే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా, ఐజీఎఫ్-1 తక్కువగా కనిపిస్తాయి. వాళ్ల ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది. ఆకలి వేళ వచ్చే గ్రోత్ హార్మోన్ పని ఒంట్లోని కొవ్వును కరిగించి ప్రాణం నిలపడం, ఎత్తు పెంచడం కాదు.

పైగా మీ వయసుకు ఎముకల చివరుండే ఎదుగుదల పొరలు దాదాపు అందరిలో మూసుకుపోయి ఉంటాయి. ఆ తర్వాత ఎంత గ్రోత్ హార్మోన్ పడినా ఎముక పొడవు పెరగదు. అతిగా ఉంటే చేతులు, పాదాలు, దవడ లావెక్కుతాయి, షుగర్, బీపీ వస్తాయి. గడ్డం, మీసం ఇంకా సరిగా రాకపోయి, గొంతు మారకపోయి ఉంటే మాత్రం వేరే విషయం. అప్పుడు విశాఖ కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగంలో చూపించుకోండి.

జిమ్‌లో ఇలా అమ్మేది చాలావరకు ఎంకే-677 అనే మందు. ఏ దేశంలోనూ చికిత్సకు అనుమతి లేదు. కాళ్ల వాపు, విపరీతమైన ఆకలి, రక్తంలో చక్కెర పెరగడం దీని దుష్ఫలితాలు. తుంటి ఎముక విరిగిన వృద్ధుల మీద చేసిన ఒక పరీక్షను గుండె వైఫల్యం భయంతో మధ్యలోనే ఆపేశారు. లేబుల్ లేని డబ్బాలో అసలు ఏముందో ఆ అన్నకైనా తెలుసా? ఇదే దారిలో పనిచేసే మాసిమోరెలిన్‌కు అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. అయితే అది పెద్దవాళ్లలో గ్రోత్ హార్మోన్ లోపాన్ని గుర్తించడానికి ఒక్కసారి తాగించే మందు మాత్రమే.

రోజంతా నిలబడి, నడిచి ఉంటే వెన్నుపూసల మధ్య డిస్కులు అణిగి సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు వరకు తగ్గుతాడు. మీరు సాయంత్రం కొలుచుకున్నారేమో! పొద్దున లేవగానే చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి, నిటారుగా నిలబడి మళ్లీ కొలిపించుకోండి. ఏజెన్సీ ప్రాంత ఎస్టీ అభ్యర్థి అయితే ఎత్తులో సడలింపు ఉంటుంది, నోటిఫికేషన్ చూడండి.

పరుగుకు ముందు ఒక గ్లాసు చోడి అంబలో, రెండు అరటిపళ్లో చాలు. వచ్చాక గుడ్లు, పప్పు, అన్నం బాగా తినండి. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోండి. గాఢ నిద్రలోనే పిట్యుటరీ గ్రోత్ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది, దానికి ఉపవాసంతో పనిలేదు. పరుగులో కళ్లు తిరుగుతుంటే హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి.